తాత గొంగడి, వడిసెలలు: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 8

మొత్తానికి మొదలైంది. అమ్మ జనగామ నుంచి బస్సులో తెచ్చిచ్చిన తాత గొంగడి రెండు వారాలుగా నా గదిలో వేసిన చోటే ఉంది. ఈరోజు పొద్దున్నే ఉప్పల్‌లో మేముండే బిల్డింగ్ డాబా మీద పరిచి కొలిచాను. పొడవు ఏడడుగులకు బెత్తెడు తక్కువ, వెడల్పు నాలుగున్నర అడుగులు, బరువు కింద కిరాణా షాపు కాటా మీద 2 కిలోల 300 గ్రాములు. నల్ల ఉన్ని. రంగు వేసింది కాదు, దక్కనీ గొర్రె ఒంటి రంగే అది. అంచుల్లో తెల్ల పోగుల చారలు, ఒక మూల అరచెయ్యంత కాలిన రంధ్రం.

నేను చేయాలనుకున్నది ఇది. ఈ గొంగడిని పోగులుగా విప్పి, ఆ ఉన్నితో వడిసెలలు పేనాలి. జొన్న చేలో మంచె ఎక్కి, రాయి పెట్టి, తలపైన గిర్రున తిప్పి పిట్టలను కొట్టే తాడే వడిసెల. సాయుధ పోరాటం మొదలైన రోజుల్లో తెలంగాణ రైతుల చేతిలో ఉన్న ఆయుధాలు ఇవే: వడిసెల, గుత్ప (దుడ్డుకర్ర), రోకలి, కారం. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపిన దొడ్డి కొమరయ్య కురుమల ఇంట పుట్టినవాడు. గొర్రెను కాసేదీ, ఉన్ని వడికేదీ, గొంగడి నేసేదీ కురుమలే. ఒకే ఉన్ని చలికి కప్పుకోవడానికీ, దొర మనుషులను ఎదిరించడానికీ పనికొచ్చింది కదా అన్న ఆలోచన రెండేళ్లుగా నన్ను వదలడం లేదు.

వడిసెల గూట్లో మాత్రం రాయి ఉండదు. రాయి ఆకారంలో, లోపల ఖాళీగా ఉన్న ఉన్ని డొల్ల ఉంటుంది. ఎలా చేయాలో ఇంకా సరిగ్గా తెలియదు.

జూన్ 15

పోగు రావడం లేదు. నాలుగు గంటలు కూర్చుంటే జానెడు కూడా విప్పలేకపోయాను. ఏళ్ల తరబడి ఒంటి రాపిడికి, వానకు, ఎండకు పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టేసుకుని అట్టలా అయిపోయాయి. సూదితో లేపితే పోగు పుటుక్కున తెగుతోంది.

ఫ్రెండ్ ఒకతి వచ్చి చూసి, "ఏందే, కప్పుకునేదాన్ని ఇప్పి కొట్టేదాన్ని చేస్తున్నవ్?" అంది. ఊరికే అన్న మాటే, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. కొలంబియాలో డోరిస్ సాల్సెడో అనే శిల్పి చేసింది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 2016 శాంతి ఒప్పందం తర్వాత గెరిల్లాలు అప్పగించిన 37 టన్నుల తుపాకులను కరిగించి పలకలుగా పోయించి, 2018లో బొగోటాలో ఒక భవనానికి నేలగా పరిపించింది. యుద్ధంలో లైంగిక హింసకు గురైన ఆడవాళ్లు సుత్తులతో కొట్టిన రేకుల నుంచి ఆ పలకల అచ్చులు తయారయ్యాయి, అందుకే పలకల మీద ఆ సుత్తి దెబ్బల సొట్టలు అలాగే ఉంటాయి. జనం ఆ తుపాకుల మీద నడుస్తారు. ఆమె ఆయుధాన్ని నేల చేసింది, నేను దుప్పటిని ఆయుధం చేస్తున్నాను. ఫ్రెండ్ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, అయినా పని ఆపడం లేదు.

జూన్ 22

దారి దొరికింది. గోరువెచ్చని నీళ్లు. నేసేటప్పుడు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారని మామ ఫోన్లో గుర్తుచేశాడు. ఆ గంజే ఇన్నేళ్లూ పోగులను బిగించి పెట్టింది, అది కరిగితే పోగు వదులవుతుంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో గొంగడి ఒక సగాన్ని ముంచి ఉంచాను. గంట తర్వాత నీళ్లు చిక్కటి టీ రంగులోకి మారాయి, పొగ వాసన, గొర్రె వాసన, తడి మట్టి వాసన అన్నీ కలిసి గదంతా నిండిపోయాయి. తాత పోయి పంతొమ్మిదేళ్లు. ఆ వాసన తగలగానే ఆయన పక్కన పడుకుని గడ్డం గీరుకుంటుంటే తిట్టించుకున్నది గుర్తొచ్చింది.

ఆ నీళ్లు పారబోయలేదు. రెండు బకెట్లలో పట్టి మూతలు పెట్టాను. ఎందుకో తర్వాత చూద్దాం.

జూలై 4

దొడ్డి కొమరయ్యను చంపిన రోజు ఇది. ఆ తేదీ చూసే ఎరుపు సంగతి తేల్చుకున్నాను.

మొదటి ప్లాన్‌లో వడిసెల తాళ్లకు కుంకుమ పట్టించాలని ఉండేది. ఆ ఆలోచన ఎక్కడిదో దాచాల్సిన పనిలేదు, ఆర్టిస్టు షీలా గౌడ చేసిన తాళ్ల పని చూసినప్పటి నుంచీ మనసులో ఉంది. బెంగళూరులో ఉండే ఆమె 1990ల మొదట్లో, బాబ్రీ కూల్చివేత, ముంబయి అల్లర్ల కాలంలో, రంగుల బొమ్మలు వదిలి పేడతో పని చేయడం మొదలుపెట్టింది. తర్వాత సూదుల్లోంచి వందల అడుగుల దారం లాగి, వాటిని జిగురుతో, కుంకుమతో కలిపి తాళ్లు చేసింది. చివర్లో సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. ఆ ఎరుపును చూస్తే పేగులు గుర్తొస్తాయి, పసుపుకుంకుమలూ గుర్తొస్తాయి, అందమూ ఉంటుంది, ఒళ్లు జలదరింపూ ఉంటుంది.

నేను మూడు తాళ్లకు కుంకుమ పట్టించి చూశాను. పెళ్లిపందిరి తోరణంలా తయారైంది. ఆమె దారానికి రంగు కావాలి, నా ఉన్నికి దాని రంగు దానికే ఉంది. ఆ నలుపు మీద ఎరుపు వేస్తే "చూడండి, ఇది రక్తం" అని అరిచి చెప్పినట్టే తప్ప ఇంకేం లేదు. మూడూ కడిగి ఆరేశాను. ఎరుపు పూర్తిగా పోలేదు, పక్కన పెట్టేశాను.

జూలై 13

ఊరికెళ్లొచ్చాను. మామ వడిసెల పేనడం నేర్పాడు. మూడు పాయలు, ఒక్కో తాడు రెండు మూరలు, మధ్యలో రాయి పెట్టే గూడు దగ్గర పాయలను విడదీసి వెడల్పుగా అల్లాలి, ఒక తాడు చివర వేలు దూరేటంత ఉచ్చు, రెండోది ఒట్టిగా వదిలేయాలి. ఉచ్చు వేలికి ఉండిపోతుంది, రెండో కొస వదిలిన క్షణంలో రాయి పోతుంది. మామ చేతులు డెబ్బై ఏళ్లు దాటినా ఆలోచించకుండా అల్లుతున్నాయి. నేను అల్లింది చూసి "గిది పిట్టను గాదు, నిన్నే కొడ్తది" అని మొత్తం విప్పించాడు, మూడుసార్లు.

వాగులోంచి గుండ్రటి రాళ్లు పన్నెండు ఏరుకొచ్చాను. హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా రాయే, కానీ అంతా క్రషర్ కంకర, మూలలు తేలి ఉంటుంది, చేతిలో ఒదగదు.

జూలై 20

గంజి. బేగంబజార్‌లో కొన్న చింతగింజలు ఇసుకతో కలిపి మూకుట్లో వేయించి, పొట్టు చిట్లాక రోట్లో దంచి, పప్పు రాత్రంతా నానబెట్టి మిక్సీలో రుబ్బాను. మొదటిసారి వేడి నీళ్లలో కలిపితే ఉండలు కట్టింది. చన్నీళ్లలో కలిపి సన్న మంట మీద ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పితే, తెల్లటి పిండి నీళ్లు ఒక్కసారిగా గాజులా మెరిసి గరిటెకు బరువెక్కుతాయి. అదే గుర్తు. పావుకిలో పప్పుకు రెండున్నర లీటర్ల నీళ్లు సరిపోయాయి. మామూలు నీళ్లు కాదు, ఆ రోజు బకెట్లలో దాచిన గొంగడి నీళ్లే వాడాను. పాత గంజిలో కొత్త గంజి.

డొల్ల చేసే పద్ధతి: రాయికి పాల కవర్ కత్తిరించి చుట్టాలి, లేకపోతే గంజి అంటుకుపోతుంది. దానిమీద ఉన్ని పొరలు పొరలుగా తడిపి ఒత్తాలి, మీద గంజి, మళ్లీ ఉన్ని, మళ్లీ గంజి. మూడు రోజులు ఎండలో. తర్వాత బ్లేడుతో ఒక పక్క కోసి, రాయిని బయటికి తీసి, ఆ కోతను కుట్టేయాలి.

కుట్టు దాచాలా, కనిపించనివ్వాలా అని రెండు రోజులు నలిగాను. సాల్సెడో పాత పని ఒకటి ఉంది, కనబడకుండా పోయినవాళ్ల చెప్పులను గోడ గూళ్లలో పెట్టి, మీద పశువు పేగు లాంటి పల్చటి పొర కప్పి, ఆపరేషన్‌కు వాడే దారంతో కుట్టేసింది. చెప్పులు మసకగా కనిపిస్తాయి, కుట్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. నేనూ కుట్టును కనిపించనిచ్చాను. తెల్ల అంచులోంచి వచ్చిన పోగుతోనే కుట్టాను.

ఆగస్టు 3

బూజు. పదకొండు డొల్లల్లో తొమ్మిదింటికి తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు పట్టింది. వారం నుంచి ముసురు, ఎండ మొహం లేదు, గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టడం నా తప్పే. రెండింటిని చీమలు తినేశాయి.

అలాగే వదిలెయ్, అదే ఆర్ట్ అని ఒకరు సలహా ఇచ్చారు. దీని గురించి నిజంగా ఆలోచించాను. 2014లో అమెరికన్ ఆర్టిస్టు కారా వాకర్ న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని పాత చక్కెర ఫ్యాక్టరీలో చక్కెరతో కప్పిన భారీ స్త్రీమూర్తిని చేసినప్పుడు, చుట్టూ బెల్లంపాకం రంగులో నిలబెట్టిన పిల్లల బొమ్మలు వేడికి కరిగి నేలమీద కారాయి, కొన్ని కూలిపోయాయి. చక్కెర కోసం బానిసల ఒళ్లు ఎలా అరిగిపోయాయో ఆ కరగడంలోనే ఉంది. నా బూజులో ఏముంది? ఉప్పల్‌లో వారం రోజులు వాన పడిందన్న కబురు తప్ప ఇంకేమీ లేదు. అందుకే తీసేశాను. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు మైదా గంజిలో మైలుతుత్తం కలుపుతారని తెలుసుకుని, చిటికెడు కలిపి మళ్లీ కాచాను. గ్లోవ్స్ వేసుకోవాలి, అది విషం.

ఆగస్టు 10

ఆ కాలిన రంధ్రం గురించి.

ఇన్నాళ్లూ నేను దాని గురించి ఎవరినీ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది, దాన్ని నేను దొరల కాలం నాటి మంటగా, ఊరు తగలబెట్టిన రోజు గుర్తుగా మనసులో ఎప్పుడో ఖాయం చేసుకున్నాను. ఎగ్జిబిషన్‌లో గోడమీద పెట్టే కార్డులో ఒక వాక్యం కూడా రాసిపెట్టుకున్నాను. ఈరోజు ఫోన్లో మాటల్లో అడిగితే అమ్మ అంది: "అది సలిమంటల కాలింది బిడ్డా. మా నాయన నిద్రల కాళ్లు సాపిండు, అంచు పొయ్యి నిప్పుల పడ్డది. నువ్వు పుట్టినేడే. మా అమ్మ నెలరోజులు తిట్టింది ఆయనను."

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అడగకుండా ఉంటే ఆ అబద్ధం గోడెక్కేది, ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు కూడా. చూసినవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లేమో. కార్డులో ఆ వాక్యం కొట్టేసి "చలిమంటలో కాలింది" అని రాశాను. ఇలాంటి పనిలో వస్తువు తప్ప మన దగ్గర వేరే సాక్ష్యం ఉండదు, దాని నోట్లో మన మాటలు కుక్కితే ఇక మిగిలేది అలంకరణే.

ఆగస్టు 27

వినాయక చవితి. కుండపోత వాన, కరెంటు రెండుసార్లు పోయింది. బైరాన్‌పల్లి రోజు కూడా ఇదే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఆ ఊరి మీద పడి, పదుల మందిని ఒక్క పూటలో చంపారు. అంతకుముందు దాడులను ఊరివాళ్లు బురుజు మీది నుంచి వడిసెలలతో, నాటు తుపాకులతోనే తిప్పికొట్టారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది.

అక్కడ చనిపోయినవాళ్లు ఎంతమందో అన్ని వడిసెలలు చేయాలని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. ఇస్తాంబుల్‌లో రెండు భవనాల మధ్య ఖాళీ స్థలంలో సాల్సెడో 1,550 కుర్చీలను గుట్టగా పేర్చింది, 2003లో. నాకు అందులో నచ్చింది ఏ కుర్చీ ఎవరిదో చెప్పకపోవడం. తలకొకటి చొప్పున లెక్క కడితే చూసేవాళ్లు వడిసెలలు లెక్కపెట్టుకుని సరిపోయిందని వెళ్లిపోతారు. ఈ గొంగడి ఎన్ని ఇస్తే అన్ని. ఇప్పటికి ఇరవై ఆరు అయ్యాయి.

సెప్టెంబర్ 7

పొట్టి పోగులు, తెగిన ముక్కలు చాలా మిగిలాయి. ఏకితే మళ్లీ వాడొచ్చని రామంతాపూర్‌లో పరుపులు కుట్టే షాపుకు పట్టుకెళ్లాను. చాచా చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కంబలి ఉన్ని. ఈ రోజుల్ల ఎక్కడ దొరికింది బేటా?" అన్నాడు. చెప్పాను. వడిసెలలు, రైతులు, రజాకార్లు, అంతా చెప్పాను, ఉత్సాహంగానే.

ఆయన మిషన్ ఆపాడు. కాసేపాగి అన్నాడు: "మా దాదీ కూడ కంబలి మీదనే ఒచ్చింది. పోలీస్ యాక్షన్ అప్పుడు. బీదర్ దిక్కుకెళ్లి. ఇద్దరు పిల్లలు, ఒక్క కంబలి. పగలు నడిచేది లేదు. రాత్రి జొన్న చేన్ల దాని కింద పండుకుండేటోళ్లు. నల్లది కాబట్టే కానరాలే, బతికినం అనేది." తర్వాత మామూలుగా, కోపం లేకుండా అడిగాడు: "నువ్వు చేసేదాంట్ల ఆ కంబలి ఉంటదా?"

నోరు పెగల్లేదు. రాయొచ్చా అని అడిగితే పేరు, ఊరు వద్దన్నాడు, బీదర్ దిక్కు అంటే చాలన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

సెప్టెంబర్ 17

ఈ రోజును ఒకరు విమోచన దినం అంటారు, ఒకరు విలీన దినం అంటారు. పొద్దున్నుంచీ మైకులు. నేను తలుపేసుకుని కూర్చున్నాను.

1948లో పోలీస్ యాక్షన్ పేరుతో భారత సైన్యం వచ్చిన తర్వాత ఇక్కడి ముస్లింల మీద ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని కమిటీ అంచనా వేసింది, ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఇది నాకు ముందే తెలుసు, చదివాను. చదివి కూడా నా గొంగడిలో దానికి చోటివ్వలేదు. రజాకార్ల దురాగతం ఎంత నిజమో ఇదీ అంతే నిజం, దేన్నీ దేనితో చెరిపే పని లేదు. నా పనిలో మాత్రం ఒకటి ఉంది, ఒకటి లేదు.

రుమానా హుస్సేన్ గుర్తొచ్చింది. ముంబయి ఆర్టిస్టు ఆమె, 1992 బాబ్రీ కూల్చివేత తర్వాత మామూలు బొమ్మలు వేయడం వదిలేసి, పగిలిన మట్టికుండలు, అద్దాలు, జాజు రంగు తీసుకుని పనిచేసింది. సగానికి పగిలిన కుండ బోర్లిస్తే గుమ్మటంలా ఉంటుంది, అదే కుండ వంటింట్లోదీ, ఆడదాని ఒంటిదీ. 1999లో, చిన్న వయసులోనే పోయింది. ఆమె కుండను ఒక్క అర్థానికి కట్టేయలేదు. నేను గొంగడిని కట్టేశాను.

సాయంత్రం విప్పకుండా మిగిలిన ముక్కను పరిచి చూశాను. మూడడుగుల చిల్లర పొడవు, వెడల్పు నాలుగున్నర అలాగే ఉంది. నేల మీద పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, దాన్ని మీదికి లాక్కున్నాను. ఇద్దరు పిల్లలను కడుపు దగ్గర పెట్టుకుంటే కూడా సరిపోతుంది. లోపల వెలుతురు అస్సలు లేదు, కాలిన రంధ్రం దగ్గర తప్ప.

ఇక విప్పను.

సెప్టెంబర్ 28

విప్పడం ఆపిన చోట పేక పోయి పడుగు పోగులు కుచ్చులా వేలాడుతున్నాయి. వాటిని కత్తిరించలేదు. చివరి వడిసెలలను ఆ పోగుల నుంచే మొదలుపెట్టి, గొంగడి నుంచి విడదీయకుండానే పేనాను. మొత్తం నలభై ఒకటి, అందులో ఏడు గొంగడికే పుట్టినట్టు ఉంటాయి. ఒకే పోగు ఇటు కప్పుకునేది, అటు విసిరేది. ఫ్రెండ్‌కు ఫోటో పంపాను. తను చాలాసేపటికి "ఇప్పుడు సరిగ్గుంది" అని మెసేజ్ పెట్టింది.

అక్టోబర్ 12

బర్కత్‌పురాలో తెలిసినవాళ్ల పాత ఇంటి హాల్లో వేలాడదీశాం. ఆ ఇంటిని డిసెంబర్‌లో అపార్ట్‌మెంట్‌కు ఇచ్చేస్తున్నారు, అప్పటిదాకా వాడుకోమన్నారు. ముప్పై నాలుగు వడిసెలలు దూలాల నుంచి ఛాతీ ఎత్తులో, ఏడు నేలమీద పరిచిన గొంగడి నుంచి పైకి. లైట్లతో గంటన్నర గొడవ పడి చివరికి తీసేశాను, కిటికీ వెలుగే చాలు. డొల్లలు గాలికి ఒకదాన్నొకటి తగిలితే ఎండిన కాయల్లా చప్పుడు చేస్తాయని నేను ముందు అనుకోలేదు, అది బాగుంది, ఉండనిచ్చాను.

కార్డులో నాలుగు లైన్లు: గొంగడి ఎవరిది, రంధ్రం ఎలా పడింది, వడిసెల దేనికి వాడేవారు, బీదర్ దిక్కు నుంచి వచ్చిన ఒక తల్లి జొన్న చేలో ఇలాంటిదాని కింద పడుకుంది. అంతే. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఉర్దూది చాచా మనవరాలు చూసి రెండు తప్పులు దిద్దింది.

వానాకాలం పోయింది కాబట్టి బూజు భయం లేదు, ఎలుకల భయం ఉంది. వారానికోసారి వెళ్లి చూసుకోవాలి. మిగిలిన ఉన్ని 160 గ్రాములు. ఎండబెట్టి, వేపాకు వేసి, పాత దిండు గలీబులో కట్టి అటక మీద పెట్టాను.